మోటారుబండ్ల టర్బో: దాని చరిత్రయు, ఆయుర్దాయమును



నేను మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల బడులలో ముప్పదియేండ్లకు పైగా తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గొన్న ఉపాధ్యాయుడను. శబ్దమంజరియు అమరకోశమును వల్లె వేయించినవాడు మోటారుబండ్ల యంత్రమును గూర్చి ప్రసంగించుట మీలో కొందఱకు వింతగా తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని మన పడమటి సీమలో నేడు మిరపబస్తా అంగడికి చేరవలెనన్నను, పెండ్లివారు తరలవలెనన్నను, నడిరేయి రోగి వైద్యశాలకు పోవలెనన్నను మోటారుబండియే దిక్కు. అట్టి బండిని గూర్చి నాలుగు మాటలు తెలిసికొనుట చదువరికి తగని పని కాదు. అదియును గాక, ఈ విషయమున నేను చేసిన తప్పొకటి కలదు. దానిని పదిమంది యెదుట చెప్పుకొనవలెనను కోరికయు నన్నీ ప్రసంగమునకు పురికొల్పినది.

నేటి కార్లలోను, జీపులలోను, లారీలలోను, పలు ట్రాక్టర్లలోను టర్బోఛార్జరు అను సాధనమొకటి యుండును. మన డ్రైవర్లు దానిని టర్బో అని క్లుప్తముగా పిలుతురు. కారులోని టర్బో రెండు పిడికిళ్ళంత మాత్రమే. అది చెడినచో క్రొత్తదానిని వేయించుటకు వేలకు వేలు వెచ్చింపవలెను. సరిగా చూచుకొన్నచో అది ఇంజనుతోపాటు బ్రదుకును. చూచుకొననిచో నడుమనే చచ్చును. ఈ భేద మెందువలన గలుగుచున్నదో తెలియవలెనన్న దాని చరిత్రము కొంత తెలియవలెను. ఏలయన, టర్బో చరిత్రమందు హెచ్చుభాగము దానిని చావకుండ కాపాడుటకు మనుష్యులు పడిన పాట్ల కథయే.

ముందుగా అది చేయు పని యేమో చూతము. మన యూరి కమ్మరి కొలిమిని మీరందఱును చూచినవారే. బొగ్గు లెన్ని పోసినను తిత్తి ఊదనిచో ఇనుము ఎఱ్ఱబడదు. నిప్పునకు బొగ్గెంత ముఖ్యమో గాలియు నంత ముఖ్యము. మోటారు ఇంజనును అట్టి కొలిమియే. దాని సిలిండర్లలో డీజెలు గాని పెట్రోలు గాని మండును. మండుటకు గాలి కావలెను. మామూలు ఇంజను తనంతట పీల్చుకొన్న గాలితో తృప్తిపడును. టర్బో గల ఇంజనునకు గాలి అదిమి పంపబడును. గాలి హెచ్చగుటచే ఇంధనమును హెచ్చుగా మండింపవచ్చును. చిన్న ఇంజను పెద్ద ఇంజను బలమును చూపును.

కొలిమి తిత్తిని ఊదుటకు మనిషి కావలెను. ఈ తిత్తిని ఊదునది ఇంజను వెడలగ్రక్కు పొగయే. ఊరకే గాలిలో కలిసిపోవలసిన ఆ వేడిపొగ ఒక చిన్న రెక్కల చక్రమును త్రిప్పును. ఆ చక్రపు ఇరుసు రెండవ కొనయందు మఱియొక రెక్కల చక్రము కలదు. మొదటిది తిరిగినచో రెండవదియు తిరిగి, బయటి గాలిని పీల్చి ఇంజనులోనికి త్రోయును. చెప్పుట కింతే. కాని యీ చక్రములు నిమిషమునకు లక్షసార్లకు పైగా తిరుగును. చిన్న కార్ల టర్బోలు రెండు లక్షలు దాటుటయు కలదు. మొదటి చక్రమునకు తగులు పొగ డీజెలు బండ్లలో ఏడెనిమిది వందల సెంటిగ్రేడు డిగ్రీల వేడి గలది; పెట్రోలు బండ్లలో వేయి డిగ్రీల దాక పోవును. రెండు చక్రముల నడిమి ఇరుసు కాగితముకన్న పలుచనైన ఆయిలు పొరపై తేలుచు తిరుగును. ఆ పొర తెగెనా, ఇరుసు బేరింగును ఒరసికొని, క్షణములో పని ముగియును.

ఈ యుక్తిని కనిపెట్టినవాడు ఆల్ఫ్రెడ్ బ్యూఖి అను స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు. ఆయన 1879లో వింటర్‌తూర్ పట్టణమున జన్మించెను. ఇంధనము నుండి పుట్టిన వేడిలో పెద్దభాగము పొగగొట్టము వెంట వృథాగా పోవుచుండుట ఆయన మనస్సును బాధించెను. ఆ పొగచేతనే ఇంజనునకు గాలి త్రోయింపవచ్చునని తలచి, 1905లో పేటెంటు పొందెను. అయితే పేటెంటు కాగితము వచ్చినంతనే పనిచేయు యంత్రము రాలేదు. ఆ నాటి లోహములు అంత వేడికి, అంత వేగమునకు తాళజాలవయ్యెను. ఆయన యత్నము నిజముగా ఫలించుటకు ఇరువది యేండ్లు పట్టెను. 1925 ప్రాంతమున ఆయన పద్ధతి ఇంజను బలమును నూటికి నలువది వంతులు పెంచగలదని తేలెను. జర్మనీ దేశపు ప్రాయిసెన్, హాన్సెష్టాట్ డాన్‌జిగ్ అను రెండు ప్రయాణికుల ఓడలలో ఈ పద్ధతి నమర్పగా, 1,750 అశ్వశక్తి గల ఇంజను 2,500 అశ్వశక్తి నిచ్చెను. ఇంజను పరిమాణము పెరుగలేదు. పెరిగినది దానికి దొరకిన గాలి.

ఈ నడుమ మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. విమానము పైకి పోయినకొలది గాలి పలుచనై ఇంజను బలహీనమగుచుండెను. ఫ్రాన్సు దేశమున ఆగస్తు రాతో అను పండితుడు విమానముల కొఱకు టర్బోను రూపొందించెను. అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరు 1918లో ఒక సాహసము చేసెను. లిబర్టీ అను విమానపు ఇంజనును లారీకి కట్టించి, పైక్స్ పీక్ అను 14,000 అడుగుల పర్వత శిఖరమునకు చేర్చి, అచట దానిని పరీక్షించెను. సముద్రమట్టమున 350 అశ్వశక్తి నిచ్చు ఆ ఇంజను శిఖరమున 230 మాత్రమే ఇచ్చెను. టర్బో తగిలించినంతనే 356 ఇచ్చెను. ఆయాసపడు వానికి ఊపిరి అందినట్లయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా వారి పెద్ద బాంబర్లు అత్యంతోన్నతమున ఎగిరినది ఈ టర్బోల బలముననే. ఆ యుద్ధకాలముననే మన దొనకొండ వద్దను ఆంగ్లేయులు విమానములు దిగుటకు తావు కట్టించిరి.

యుద్ధము కలిగించిన కష్టములలో ఒక మేలు చేరినది. నికెలు, కోబాల్టు మొదలగు ధాతువులను కలిపి, ఎఱ్ఱగా కాలినను మెత్తబడని మిశ్రలోహములను చేయుట జనులు నేర్చుకొనిరి. బ్యూఖిని ఇరువదియేండ్లు నిలిపిన అడ్డంకి దీనితో తొలగెను. 1938లోనే స్విట్జర్లాండున జౌరర్ అను సంస్థ లారీ ఇంజనునకు టర్బో నమర్చియుండెను. యుద్ధానంతరము ఓడలకు, రైలు ఇంజనులకు, బరువు లారీలకు అది సామాన్యమయ్యెను.

కారులకు మాత్రము అంత సులభముగా అబ్బలేదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీలు సంస్థ జెట్‌ఫైర్ అను కారును టర్బోతో అమ్మకమునకు పెట్టెను. దాని ఇంజను వేడికి తట్టుకొనుటకై స్వేదజలమును మిథనాలును కలిపిన ద్రవము నొకదానిని ప్రత్యేకమైన తొట్టిలో పోయవలసియుండెను. తొట్టి ఖాళీ యైనచో టర్బో పని తగ్గునట్లు ఏర్పాటు చేసిరి. కొన్నవారిలో పలువురు ఆ ద్రవము పోయుట మఱచిరి. బండికి బలము లేదని గొణిగిరి. తుదకు చాలమంది టర్బోను తీసివేయించి మామూలు పరికరమును పెట్టించుకొనిరి. 1963తో ఆ బండి నిర్మాణమే ఆగిపోయెను. లోహము మంచిదే, యుక్తియు మంచిదే. లోపించినది వాడువాని శ్రద్ధ. ఈ కథ చదివినపుడు నాకు నవ్వు రాలేదు. ఎందుకో ముందు ముందు చెప్పెదను.

1970ల దశకమున పెట్రోలు ధర పెరిగిన పిదప, చిన్న ఇంజనుతో పెద్ద పని చేయించు టర్బోకు మరల గౌరవము కలిగెను. 1975లో పోర్షే వారి 911 టర్బోయు, 1978లో మెర్సిడెస్ వారి 300 ఎస్‌డి అను టర్బో డీజెలు కారును వచ్చెను. అయినను ఆ నాటి కార్ల టర్బోలకు ఒక రోగము పట్టి పీడించుచుండెను. వేగముగా వచ్చి బండిని ఆపి, తోడనే ఇంజనును ఆర్పినచో, లోపలి ఆయిలు మాడి బొగ్గగుచుండెను. దీనికి మందుగా 1980ల దశకమున ఇరుసు చుట్టును నీరు ప్రవహించు ఏర్పాటు వ్యాపించెను; వేడికి మాడని మేలుజాతి ఆయిళ్ళును వచ్చెను. ఇట్లు లోహమును, ఆయిలును బాగుపడినవి. మూడవది మనిషి యొక్క ఓర్పు. దానిని ఏ కర్మాగారమును చేసి యీయజాలదు.

ఇక మన దేశమునకు వత్తము. మన దేశమున టర్బోను విస్తారముగా వాడి, దాని మర్మము లెఱిగిన వారిలో రైల్వేవారు ముఖ్యులు. 1962లో అమెరికా నుండి వచ్చి, 1964 నుండి కాశీలోని కర్మాగారమున తయారైన డబ్ల్యూడీఎమ్-2 అను డీజెలు రైలింజను 2,600 అశ్వశక్తి గలది. అది టర్బోతో నడచునదే. గిద్దలూరు, దిగువమెట్ట దాటి నల్లమల నెక్కి నంద్యాలకు దిగు మన రైలుమార్గము వెడల్పు పట్టాలకు మాఱిన తరువాత, విద్యుత్తు వచ్చువఱకు, గూడ్సుబండ్లను ఆ యడవి ఎత్తుపై లాగినవి టర్బో గల డీజెలు ఇంజనులే. ఆ ఇంజనులను చూచుకొను షెడ్డులలో ఒక పద్ధతి యుండెను. ఇంజనును ఆర్పిన పిదప టర్బో తనంతట ఎంతసేపు తిరిగి ఆగునో చెవియొగ్గి విని, గడియారము చూచి లెక్కింతురు. చాలసేపు తిరిగి మెల్లగా ఆగినచో బేరింగు బాగున్నదని గుర్తు. తటాలున ఆగినచో లోపల ఏదో ఒరసికొనుచున్నదని గుర్తు. వైద్యుడు నాడి చూచినట్లు వారు ఆ చక్రపు శబ్దమును చూతురు.

కార్ల విషయమునకు వచ్చినచో, 2002లో వచ్చిన మహీంద్రా వారి స్కార్పియోయు, 2007లో వచ్చిన స్విఫ్టు డీజెలు కారును టర్బోను మన పల్లె వాకిళ్ళకు తెచ్చినవి. పొగను గూర్చిన ప్రభుత్వ నిబంధనలు 2017లో దేశమంతటను నాలుగవ మెట్టునకును, 2020లో ఆఱవ మెట్టునకును చేరుటతో టర్బో లేని డీజెలు కారు కనబడుట అరుదయ్యెను. ఇప్పుడు చిన్న పెట్రోలు కార్లలో సైతము అది చేరినది. కొన్నవారిలో ఎందఱకు తమ బండిలో అది యున్నదని తెలియును? నాకును తెలియదు. ఇక నా తప్పును చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట మా మేనల్లుడు వాడిన డీజెలు కారు నొకదానిని కొనెను. ఇంటికి పెద్దవాడను గనుక దాని లెక్కలు నేను చూచుచుంటిని. పొదుపు నేర్పిన వాడను గదా! బండి ఆగినంతనే ఇంజను ఆర్పవలెనని కట్టడి చేసితిని. ఘాటు ఎక్కి వచ్చి దేవళము ముంగిట ఆపినను సరే, ఆగిన మఱుక్షణమే తాళము త్రిప్పవలెను. "మామయ్యా, కొంచెము నిలువనిత్తునా?" అని మేనల్లుడు అడిగినచో, "ఊరక నిలిచి చమురు తాగు ఎద్దును ఎవడు మేపునురా?" అని కసరితిని. ఆయిలు మార్చు గడువు వచ్చినపుడు, నల్లబడినంత మాత్రమున జిగి పోయినదా యని రెండు మూడు నెలలు వాయిదా వేయించితిని. గాలి జల్లించు ఎయిర్ ఫిల్టరు దుమ్ము పట్టినపుడు క్రొత్తది కొననీయక, గోడకు కొట్టి దులిపి మరల పెట్టించితిని. చిఱిగినచోట చిఱిగినది, నేను గమనింపలేదు.

ఒక నెల నుండి బండి ఎక్కుదలలో సన్నగా కూయుచుండెను. మేనల్లుడు రెండు మాఱులు చెప్పెను. పాత బండికి కూతలు సహజమే యని నేను త్రోసిపుచ్చితిని.

వైశాఖమాసపు రాత్రి యొకటి. గిద్దలూరులో నున్న మా అక్కగారికి ఆయాసము హెచ్చెను. వైద్యుడు చూచి, ఆలస్యము చేయక నంద్యాలకు తీసికొనిపొమ్మనెను. బయలుదేరితిమి. దిగువమెట్ట దాటి అడవిలో ఎత్తెక్కుచుండగా కూత గట్టిదయ్యెను. పిదప కూత ఆగెను. కూతతోపాటు బండి బలమును ఆగెను. వెనుక నీలిపొగ దట్టముగా కమ్మెను. ఆయిలు దీపము ఎఱ్ఱగా వెలిగెను. మేనల్లుడు బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆర్పెను. ముందును వెనుకను నల్లమల. ఫోనునకు సంకేతము లేదు. అక్కగారు కిటికీ కడ తలవాల్చి, నోరు తెఱచి గాలి పీల్చుకొనుచుండెను. ఆమె నన్నొక మాటయు అనలేదు. ఒక గంటకు కూరగాయల వ్యాను వచ్చి మమ్ము ఎక్కించుకొనెను. దైవకృప వలన ఆమె బ్రదికినది. ఆ గంటకాలము నాకు అఱువదియేండ్ల చదువుకన్న పెద్ద పాఠము.

బండిని మఱునాడు లాగించుకొని వచ్చి మార్కాపురమున ఒక మెకానిక్కు కడ విడిచితిమి. అతడు నా కడ చదివినవాడే. టర్బోను విప్పి బల్లపై పెట్టి నన్ను పిలిచెను. "అయ్యవారూ, చూడండి" అని ఆయిలు వచ్చు సన్నని గొట్టమును చీల్చి చూపెను. లోపల మాడిన పెనము వలె నల్లని పెచ్చు కట్టియుండెను. సూది దూరునంత సందు మాత్రము మిగిలియుండెను. గాలి త్రోయు చక్రపు రెక్కల అంచులు ఎలుక కొఱికినట్లు అరిగియుండెను. ఇరుసు నీలము తిరిగి విఱిగియుండెను.

"ఇది నిన్న రాత్రి చచ్చినది కాదు అయ్యవారూ. దినమునకు కొంత చంపినాము" అని అతడు చెప్పెను. మఱియు, "పలకపై ఇసుకతో రాచిన గీత మరల పోవునా? మీరే మాకు చెప్పినారు గదా. బేరింగుపై గీతయు నట్లే" యనెను. మార్కాపురము పలకలకు పేరుపడిన యూరు. నేను ఎన్ని వందల పలకలను పట్టితినో! ఆ మాట నాకు సూటిగా తగిలినది.

అతడు చెప్పినదానిని, తరువాత నేను చదివి తెలిసికొన్నదానిని కలిపి మీకు విన్నవించుచున్నాను.

మొదటిది, ఆయిలు. టర్బో ప్రాణము ఆయిలులో నున్నది. ఆయిలు బేరింగును తడుపుటయే గాక, అచటి వేడిని మోసికొనిపోవును. బండితో వచ్చిన పుస్తకమున ఏ జాతి ఆయిలు చెప్పిరో ఆ జాతిదే పోయవలెను, గడువు మీఱరాదు. దుమ్ము, ఎండ, ఘాటు దారులు గల చోట్ల గడువుకన్న ముందే మార్చుట మేలని ఆ పుస్తకములే చెప్పును. మన సీమలో ఈ మూడును కలవు. ఆయిలు మార్చినపుడెల్ల ఆయిలు ఫిల్టరును మార్చవలెను. మట్టము తగ్గినదేమో అప్పుడప్పుడు కడ్డీ తీసి చూడవలెను.

రెండవది, బయలుదేరుట. రాత్రియంతయు నిలిచిన బండిలో ఆయిలు క్రిందికి దిగియుండును. తాళము త్రిప్పినంతనే యాక్సిలరేటరును అదిమినచో, ఆయిలు పైకి చేరకమునుపే చక్రము పొడి బేరింగుపై తిరుగును. అర నిమిషము మెల్లగా నడువనిచ్చి, మొదటి రెండు మూడు మైళ్ళు నెమ్మదిగా పోవలెను.

మూడవది, ఆపుట. నేను చేసిన పెద్ద తప్పు ఇదియే. ఇంజను ఆరినచో ఆయిలు పంపును ఆగును. కాని చక్రము ఇంకను తిరుగుచునే యుండును. దాని చుట్టుపట్ల ఇనుము నిప్పువలె కాగియుండును. కదలిక లేని ఆయిలు ఆ వేడికి మాడి బొగ్గగును. ఆ బొగ్గు నేడింత, రేపింత పేరుకొని గొట్టమును మూయును. ఘాటు ఎక్కినపుడు గాని, బరువుతో వేగముగా వచ్చినపుడు గాని, ఆగిన తరువాత ఒకటి రెండు నిమిషములు ఇంజనును మెల్లగా నడువనిండు. పొగ చల్లబడును, చక్రము నెమ్మదించును, ఆయిలు వేడిని లాగికొనిపోవును. ఆ రెండు నిమిషములలో కాలు డీజెలు కొన్ని చుక్కలు. ఆ చుక్కలను మిగుల్చుకొనబోయి నేను పోగొట్టుకొన్నది మీరు వింటిరి.

ఇందు అతి పనికిరాదు. ఊరిలో మెల్లగా తిరిగి ఇంటికి వచ్చిన బండిని నిమిషముల తరబడి నిలుపనక్కఱలేదు. చివరి మైలు నెమ్మదిగా నడపుటయే చాలును. గంటల కొలది ఊరక నడువనిచ్చుటయు మసిని పెంచి చెఱుపే చేయును. నీటి ఏర్పాటు గల క్రొత్త బండ్లు కొంత ఓర్చుకొనును. అయినను ఘాటు దారిలో ఈ నియమము వానికిని మేలే.

నాలుగవది, గాలి. పలకల గనుల చుట్టుపట్లను, వేసవి మట్టిదారులలోను ఎగయు సన్నని రాతిదుమ్ము మనుష్యుల ఊపిరితిత్తులకే చేటు. లక్షసార్లు తిరుగు రెక్కకు అది ఆకురాయి. ఎయిర్ ఫిల్టరును గోడకు కొట్టరాదు. చిల్లు పడిన జల్లెడ జల్లెడ కాదు. గడువునకు మార్చవలెను. గాలి గొట్టముల బిగింపులు వదులుగా నున్నవేమో చూపించుకొనవలెను. సందు ఉన్నచో ఫిల్టరు ఉండియు లేనట్లే.

ఐదవది, నడక. ఎత్తెక్కునపుడు పెద్ద గేరులోనే పట్టి, ఇంజను మూల్గునట్లు నడపరాదు. అప్పుడు తక్కువ గాలితో హెచ్చు ఇంధనము మండి, మసియు వేడియు పెరుగును. గేరు తగ్గించి ఇంజనును తేలికగా తిరుగనీయవలెను. ముసలి ఎద్దును ఎత్తున కొట్టక, బరువు తగ్గించి తోలు రైతునకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆఱవది, చెవి. క్రొత్త కూత, నీలిపొగ, నల్లపొగ, బలము తగ్గుట, ఆయిలు మట్టము ఊరక తగ్గుట, ఇవి రోగ లక్షణములు. కనబడిన దినముననే చూపవలెను. విఱిగిన టర్బో గుండ ఇంజనులోని ఆయిలు లోనికి కాఱినచో, డీజెలు ఇంజను ఆ ఆయిలునే త్రాగి తాళము త్రిప్పినను ఆగక పరుగెత్తు ప్రమాదమును కలదు.

తుదిది, మార్పు. చచ్చిన టర్బోను తీసి క్రొత్తదానిని పెట్టుటతో పని తీఱదు. ఎందుకు చచ్చెనో కనుగొనవలెను. బొగ్గు పట్టిన ఆయిలు గొట్టమును మార్చి, పాత ఆయిలును పూర్తిగా తీసి, విఱిగిన ముక్కలు గాలి గొట్టములలో మిగులలేదని చూచి, అటుపిమ్మట క్రొత్తది పెట్టవలెను. నా శిష్యుడు ఇవి యన్నియు చేసిన తరువాతనే మా బండికి క్రొత్త టర్బోను ఎక్కించెను. ఖర్చు తగ్గింపుమని నేనడుగబోయి, అక్కగారి ముఖము జ్ఞప్తికి వచ్చి ఊరకుంటిని.

ఆ బండి నేటికిని నడచుచున్నది. ఘాటు దిగి వచ్చి ఇంటి ముంగిట ఆగినపుడు మేనల్లుడు ఇంజనును వెంటనే ఆర్పడు. నేను సీటులోనే కూర్చుండి, రెండు నిమిషములు దాని సన్నని శబ్దమును విందును.

కంభము చెఱువును మీరెఱుగుదురు. గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగర ప్రభువుల కాలమున కట్టినదని ప్రతీతి. కట్టినవారు గట్టిగా కట్టిరి, సందేహము లేదు. కాని కట్టపై మొలచిన చెట్టును పెఱికినవారు, తూమును శుభ్రము చేసినవారు తరతరములుగా లేకున్నచో అది నేటికి నిలిచియుండునా? బ్యూఖి మొదలుకొని ఎందఱో నూఱేండ్లకు పైగా శ్రమించి మన చేతికిచ్చిన యంత్రమును నేను మూడేండ్లలో చంపితిని. మీరట్లు చేయకుందురు గాక. మీ యింటి బిడ్డలు బండి నడపువారైనచో, ఈ మాటలు వారికి చదివి వినిపింపుడు. వారు ఇంజనును రెండు నిమిషములు నిలిపినపుడు, నా వలె కసరకుడు.

సెలవు.